డబ్ల్యూ-4లో ఏ గడికి టిక్ పెట్టాలి? సింగిల్ పేరెంట్లతో కాసేపు

(2026 జనవరిలో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, పిల్లల్ని ఒంటరిగా పెంచుతున్న తెలుగు తల్లులు, తండ్రుల సమావేశంలో ఒక పన్ను సలహాదారు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిల్లలు పక్క గదిలో ఉన్నారు కాబట్టి మధ్యలో ఎవరికైనా లేచి వెళ్లాల్సివస్తే మొహమాటపడకండి. అర్థం కానిచోట చెయ్యెత్తి ఆపండి, చివరిదాకా ఆగక్కర్లేదు.

పే స్టబ్, అంటే జీతం చీటీ, ఉన్నవాళ్లు ఒకసారి బయటికి తీయండి. అందులో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అని రెండు కోతలు కనిపిస్తాయి. ఒకటి 6.2 శాతం, ఇంకోటి 1.45 శాతం. మనం ఏ ఫారం నింపినా అవి మారవు, వాటిని వదిలేద్దాం. పక్కనే ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ అని ఇంకో కోత ఉంటుంది. అది మాత్రం మీరు చెప్పినట్టు నడుస్తుంది. చెప్పాల్సింది డబ్ల్యూ-4 అనే ఫారంలో. ఉద్యోగంలో చేరిన రోజు హెచ్‌ఆర్ వాళ్లు ఓ కట్ట కాగితాలు మీ ముందు పెట్టి సంతకాలు చేయించుకుంటారే, అందులో ఒకటి ఇది. ఆ రోజు మనసంతా కొత్త ఉద్యోగం మీద ఉంటుంది. పక్క సీటాయన ఏం రాశాడో చూసి అదే రాసేస్తాం. పక్క సీటాయనకి భార్య ఉంది, ఆవిడకీ ఉద్యోగం ఉంది. మీ ఇంటి లెక్క వేరు.

జీతంలోంచి నెలనెలా పన్ను పట్టుకోవడం ఈ దేశంలో 1943లో, రెండో ప్రపంచ యుద్ధం ఖర్చుల మధ్య చట్టమైంది. ఏడాదికోసారి వచ్చి కట్టమంటే జనం దగ్గర డబ్బుండదు, చేతికి రాకముందే తీసుకుంటే పేచీ ఉండదు. ఇవాళ్టికీ అదే పద్ధతి. ఇక్కడ ఒక విషయం స్పష్టంగా పెట్టుకోండి: డబ్ల్యూ-4 మీ పన్ను ఎంతో తేల్చదు. అది తేలేది మరుసటి ఏడాది మీరు రిటర్ను వేసినప్పుడు. ఆ పన్ను ఏ నెలలో ఎంత పోవాలన్నదే ఈ ఫారం చెబుతుంది. తక్కువ పట్టించుకుంటే ఏప్రిల్‌లో కట్టాలి. ఎక్కువ పట్టించుకుంటే రిఫండ్ వస్తుంది.

రిఫండ్ అనగానే చాలామంది ముఖాలు వెలుగుతాయి. నాలుగు వేలు వచ్చాయి, ఐదు వేలు వచ్చాయి అని చెప్పుకుంటాం. అది పాట లేని చీటీ అండీ. నెలనెలా కడతారు, ఏడాది చివర మీ డబ్బే మీకొస్తుంది, పైసా కూడా కలవదు. జీతాలు రెండు వచ్చే ఇంట్లో అదేం పెద్ద నష్టం కాదు. ఒక్క జీతంతో నడిచే ఇంట్లో డేకేర్ ఫీజు క్రెడిట్ కార్డు మీద పడుతుంది, ఆ కార్డుకి ఇరవై శాతం పైన వడ్డీ నడుస్తుంది, మీ సొంత డబ్బు మాత్రం ప్రభుత్వం దగ్గర వడ్డీ లేకుండా కూర్చుంటుంది. నాకు నచ్చని విషయం ఇదే. కొందరు, "చేతిలో ఉంటే ఖర్చయిపోతుందండీ, రిఫండ్ వస్తేనే ఇండియా టికెట్లు కొనగలుగుతున్నాం" అంటారు. కార్డు మీద బాకీ లేకపోతే అలాగే కానివ్వండి, కాదనను. బాకీ ఉంటే మాత్రం ఒప్పుకోను.

ఇక అలవెన్సుల సంగతి, అంటే కోత తగ్గించుకోవడానికి పాత ఫారంలో రాసే అంకె. "జీరో పెట్టు, సేఫ్", "పిల్ల ఉంది కదా, రెండు పెట్టు" లాంటి సలహాలు మన వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా తిరుగుతున్నాయి. ఫెడరల్ ఫారంలో అలవెన్సులు 2020 నుంచి లేవు. 2017 చివర్లో వచ్చిన పన్ను చట్టం, తలకి ఇంత అని ఇచ్చే పర్సనల్ ఎగ్జెంప్షన్‌ని 2018 నుంచి సున్నా చేసింది. అలవెన్సుల లెక్క నిలబడింది దాని మీదే. అది పోయాక ఫారమే మార్చారు. ఇప్పుడు అంకెలకి బదులు నేరుగా అడుగుతారు: మీ ఫైలింగ్ స్టేటస్ (రిటర్ను వేసే హోదా) ఏమిటి, ఇంకో ఉద్యోగం ఉందా, పిల్లల క్రెడిట్ (పన్నులోంచి నేరుగా తగ్గే మొత్తం) ఎన్ని డాలర్లు, వేరే ఆదాయం ఉందా. ఇందులో తప్పనిసరిగా నింపాల్సినవి మొదటి స్టెప్పూ, సంతకం చేసే ఐదో స్టెప్పూ మాత్రమే. సింగిల్ పేరెంట్లకి తిరకాసంతా ఇక్కడే. ఆ రెండే నింపి ఇచ్చినా హెచ్‌ఆర్ వాళ్లు ఏమీ అనరు, తీసుకుంటారు. పిల్లల క్రెడిట్ రాసే మూడో స్టెప్పు ఖాళీగా ఉండిపోతుంది.

మొదటి స్టెప్పులో మూడు గడులుంటాయి. మొదటిది సింగిల్, లేదా పెళ్లయి విడిగా ఫైల్ చేసేవాళ్లు. రెండోది భార్యాభర్తలు కలిసి ఫైల్ చేసేవాళ్లు, దాంట్లోనే క్వాలిఫయింగ్ సర్వైవింగ్ స్పౌజ్ (భర్తనో భార్యనో ఈమధ్యే పోగొట్టుకుని బిడ్డని పెంచుతున్నవాళ్లు) కూడా ఉంటుంది. మూడోది హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్, అంటే జోడీ లేకుండా పిల్లలతో ఇల్లు నడిపేవాళ్లు. విడాకులైనవాళ్లు, భర్త పోయినవాళ్లు, భార్య పోయినవాళ్లు ఆలోచించకుండా మొదటి గడికి టిక్ పెట్టేస్తారు. నేను సింగిలే కదా అనుకుంటారు. దాని ఖరీదెంతో చెప్తాను, కాగితం ఉంటే రాసుకోండి.

ఒక తల్లి, ఎనిమిదేళ్ల పాప. ఒకటే ఉద్యోగం, జీతం 72,000 డాలర్లు. ఇవి 2026 రేట్లు, ఏటా కొంచెం మారుతుంటాయి. సింగిల్ గడికి టిక్ పెట్టి మిగతాది ఖాళీ వదిలేస్తే, స్టాండర్డ్ డిడక్షన్, అంటే పన్ను లేకుండా వదిలేసే మొత్తం, 16,100 పోగా 55,900 మీద పన్ను లెక్కేస్తారు. ఏడాదికి 7,010 డాలర్లు పట్టుకుంటారు. అదే తల్లి హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ గడికి టిక్ పెడితే స్టాండర్డ్ డిడక్షన్ 24,150 అవుతుంది. పది శాతం, పన్నెండు శాతం శ్లాబులు కూడా ఇంకా పైదాకా సాగుతాయి. పన్ను 5,388కి దిగుతుంది. మూడో స్టెప్పులో పాప పేరిట 2,200 డాలర్ల చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ రాస్తే 3,188 అవుతుంది. తేడా 3,822 డాలర్లు. రెండు వారాలకోసారి జీతమొచ్చే ఉద్యోగమైతే ఒక్కో చెక్కులో 147 డాలర్లు. ఆ తల్లి పన్ను ఎగ్గొట్టలేదు, తగ్గించమనీ అడగలేదు. తనది కాని పన్ను కట్టకుండా ఊరుకుంది, అంతే.

అయితే ఆ మూడో గడికి టిక్ పెట్టే హక్కు మీకుందా లేదా అన్నది చూసుకోవాలి. షరతులు మూడు. డిసెంబర్ 31 నాటికి పెళ్లి బంధంలో ఉండకూడదు, లేదా పన్ను చట్టం మిమ్మల్ని పెళ్లి బంధంలో లేనట్టే చూడాలి. ఇంటి ఖర్చులో సగానికి పైన మీరే పెట్టుండాలి. పిల్లలు ఏడాదిలో సగం రోజులకి మించి మీ ఇంట్లో ఉండాలి.

ఇంటి ఖర్చు అంటే అద్దె, ఇంటి లోను మీద వడ్డీ, ప్రాపర్టీ ట్యాక్స్, కరెంటు, ఇన్సూరెన్స్, రిపేర్లు, ఇంట్లో తినే సరుకులు. బట్టలు, స్కూలు ఫీజులు, డాక్టరు బిల్లులు, విహారయాత్రలు ఇందులోకి రావు. మనవాళ్లలో తరచూ కనిపించే కేసొకటి చెప్తాను. విడాకులయ్యాక ఆవిడ పిల్లాణ్ని తీసుకుని అన్నయ్య ఇంటికి వస్తుంది. అన్నావదినలు అద్దె తీసుకోరు, "నువ్వు కుదురుకోమ్మా ముందు" అంటారు. మంచి అన్నయ్య. కానీ ఇంటి ఖర్చంతా ఆయనే భరిస్తుంటే ఆవిడ హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ కాలేదు. సింగిల్ గడే ఆవిడది. పిల్లాడి క్రెడిట్ మాత్రం మామూలుగా ఆవిడకే దక్కుతుంది, మూడో స్టెప్పులో రాసుకోవచ్చు. ఈ రెండూ వేర్వేరు విషయాలని చాలామందికి తెలియదు.

చెప్పండమ్మా... ఆవిడ ప్రశ్న వెనక వరకూ వినపడలేదు, నేను మళ్లీ చెప్తాను. భర్త ఇండియా వెళ్లిపోయాడు, విడాకుల కేసు అక్కడి కోర్టులో నడుస్తోంది, ఎప్పటికి తేలుతుందో తెలియదు. కాగితాల మీద ఇంకా భార్యాభర్తలే. "నేను ఏ గడి పెట్టాలి?"

ఈ గదిలో ఇదే పరిస్థితిలో ఇంకొందరు ఉంటారు, కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను. కోర్టు తీర్పు వచ్చేదాకా మీరు వివాహితే, ఇది చట్టం. కానీ పన్ను చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. ఏడాదిలో చివరి ఆరు నెలలు, అంటే జులై 1 నుంచి డిసెంబర్ 31 వరకు, భర్త మీ ఇంట్లో ఉండకూడదు. ఇల్లు నడిపే ఖర్చులో సగానికి పైన మీరు పెట్టుండాలి. మీ బిడ్డకి ఏడాదిలో సగానికి పైగా అదే ఇల్లయ్యుండాలి. రిటర్ను మీరు విడిగా వెయ్యాలి. ఇవన్నీ కుదిరితే పన్ను లెక్కలో మిమ్మల్ని అవివాహితగానే చూస్తారు, హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ పెట్టుకోవచ్చు. ఇంకో దారి కూడా ఉంది. భర్త ఈ దేశపు పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్ అయ్యుండి, ఆయన్ని రెసిడెంటుగా చూడమని మీరు కోరకపోతే, బిడ్డ మీ దగ్గరే ఉంటే, ఆరు నెలల లెక్క లేకుండానే కుదురుతుంది. ఈ రెండింట్లో ఏదీ కుదరకపోతే మొదటి గడి, అంటే పెళ్లయి విడిగా ఫైల్ చెయ్యడం. అది బాగా ఖరీదైన స్టేటస్. అందుకే ఆయన ఏ తేదీన ఇల్లు వదిలాడో రుజువు చేసే కాగితాలు, మీ పేరు మీదున్న లీజు, కరెంటు బిల్లులు, స్కూల్లో ఇచ్చిన అడ్రసు, జాగ్రత్తగా ఒక ఫైల్లో పెట్టుకోండి. ఒక్క మాట, ఇది మీరు రెసిడెంట్ అయితేనే. స్టూడెంట్ వీసా మీద ఉండి ఇంకా నాన్ రెసిడెంటుగా ఫైల్ చేస్తున్నవాళ్లకి హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ వర్తించదు.

భర్తనో భార్యనో పోగొట్టుకున్నవాళ్లకి లెక్క వేరు. ఆ బాధలో డబ్ల్యూ-4 ఎవరికి గుర్తుంటుంది? అందుకే చెప్తున్నాను. పోయిన ఏడాదికి ఉమ్మడి రిటర్నే వేసుకోవచ్చు. ఆ తర్వాతి రెండేళ్లు, మీ మీద ఆధారపడ్డ బిడ్డ మీతో ఉండి, మీరు మళ్లీ పెళ్లి చేసుకోకపోతే, క్వాలిఫయింగ్ సర్వైవింగ్ స్పౌజ్ అనే స్టేటస్ ఉంటుంది. ఉమ్మడి రేట్లే వర్తిస్తాయి, స్టాండర్డ్ డిడక్షన్ 32,200. డబ్ల్యూ-4లో రెండో గడి. మూడో ఏట నుంచి హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్. ఈ రెండేళ్లూ సింగిల్ గడిలో ఉండిపోయి ప్రతి చెక్కులోనూ డబ్బు వదులుకుంటున్నవాళ్లున్నారు.

ఇప్పుడు మూడో స్టెప్పు. డిసెంబర్ 31 నాటికి 17 నిండని ఒక్కో బిడ్డకి 2,200. మిగతా డిపెండెంట్లకి తలకి 500. మీ ఆదాయం రెండు లక్షల డాలర్లు దాటకపోతే ఈ లెక్క. ఇందులో మనవాళ్లు తడబడే చోట్లు కొన్ని ఉన్నాయి.

బిడ్డకి సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండాలి. హెచ్-4 (ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద వచ్చి ఐటిన్ నంబరు (సోషల్ రానివాళ్లకిచ్చే పన్ను నంబరు) మీద ఉన్న పిల్లలకి 2,200 రాదు, 500 క్రెడిటే. 2025 నుంచి క్రెడిట్ తీసుకునే తల్లికో తండ్రికో కూడా పని చేసుకునే అర్హతున్న సోషల్ ఉండాలి. పిల్లాడిది ఐటిన్ అయినంత మాత్రాన మీ హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ మాత్రం పోదు. దాని షరతులు ఇందాక చెప్పినవే.

ఇంకోటి, మనకే ప్రత్యేకమైన సంగతి. ఇక్కడ పుట్టిన బిడ్డని రెండేళ్లపాటు అమ్మమ్మ దగ్గర గుంటూరులోనో, నానమ్మ దగ్గర కరీంనగర్‌లోనో ఉంచి ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్న తల్లులున్నారు. డబ్బు మీరే పంపుతారు, రోజూ వీడియో కాల్‌లో చూస్తారు. అయినా బిడ్డ ఏడాదిలో సగానికి పైగా మీ ఇంట్లో లేనప్పుడు క్రెడిట్టూ, హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డూ రెండూ అనుమానంలో పడతాయి. సెలవులకో, వైద్యానికో వెళ్లొస్తే తాత్కాలికం అంటారు. ఏళ్ల తరబడి ఉంటే ఆ మాట నిలబడడం కష్టం. అలాంటప్పుడు ఫారంలో ఆ 2,200 రాసుకుని నెలనెలా ఖర్చు పెట్టేసుకుంటే ఏప్రిల్‌లో అంతా ఒకేసారి తిరిగి కట్టాల్సొస్తుంది. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకి మీరు నెలనెలా ఎంత పంపినా వాళ్లు ఇక్కడి లెక్కలో డిపెండెంట్లు కారు. పిల్లల్ని చూసుకోవడానికి విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలలు ఉన్నంత మాత్రాన కూడా కారు.

విడాకుల ఒప్పందంలో "ఒక ఏడాది నీకు, ఒక ఏడాది నాకు" అని పిల్లల క్రెడిట్ పంచుకున్నవాళ్లు కూడా జాగ్రత్త. ఏడాదిలో బిడ్డ ఎక్కువ రాత్రులు ఎవరి దగ్గర పడుకుంటే, చట్టం ప్రకారం క్రెడిట్ వాళ్లది. వాళ్లు 8332 ఫారం సంతకం చేసి ఇస్తేనే రెండోవాళ్లకి వెళ్తుంది. 2008 తర్వాత వచ్చిన తీర్పులైతే కోర్టు కాగితం ఒక్కటీ చాలదు, ఆ ఫారం ఉండాల్సిందే. మీరు ఆ ఏడాదికి సంతకం చేసి ఇచ్చేస్తే ఆ బిడ్డ పేరిట 2,200 మీ మూడో స్టెప్పులో రాయకండి. కానీ హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ గడి వదులుకోకండి, అది 8332తో పాటు వెళ్లిపోదు. అవతలివాళ్లు పంపే చైల్డ్ సపోర్ట్ మీకు ఆదాయం కాదు. దాన్ని ఈ ఫారంలో ఎక్కడా చూపక్కర్లేదు.

పిల్లకి 17 నిండే ఏడాది జనవరిలోనే ఫారం మార్చుకోండి. పుట్టినరోజు డిసెంబర్‌లో ఉన్నా ఆ ఏడాదికి 2,200 పోయి 500 అవుతుంది.

(శ్రోతల్లోంచి ఒకరు: నాకు పగలు ఒక ఉద్యోగం, వారాంతంలో ఒకటి. రెండిట్లోనూ హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ అనే పెట్టాను. కరెక్టేనా?)

టిక్ కరెక్టే, కానీ అక్కడితో ఆగిపోతే ఇబ్బందే. లెక్క చూడండి. పగటి ఉద్యోగం 40,000, వారాంతం ఉద్యోగం 24,000, ఒక బిడ్డ. మొదటి కంపెనీ 24,150 స్టాండర్డ్ డిడక్షన్ తీసేసి 15,850 మీద 1,585 డాలర్ల పన్ను లెక్కేస్తుంది. బిడ్డ క్రెడిట్ 2,200 ఉంది కాబట్టి పట్టుకునేది సున్నా. రెండో కంపెనీకి మొదటి ఉద్యోగం సంగతి తెలియదు, అదీ 24,150 తీసేస్తుంది, మిగిలేది ఏమీ లేదు. అక్కడా సున్నా. ఏడాదంతా రెండు చెక్కుల్లోనూ ఫెడరల్ ట్యాక్స్ సున్నా చూసి మీకు సంతోషంగానే ఉంటుంది. రిటర్నులో రెండూ కలిపితే 64,000. స్టాండర్డ్ డిడక్షన్ ఒక్కసారే వస్తుంది. పన్ను 4,428, క్రెడిట్ పోగా 2,228 డాలర్లు ఏప్రిల్‌లో కట్టాలి. ఒక్క మనిషి మీద ఒకేసారి పడే భారం.

దీనికే రెండో స్టెప్పు ఉంది. ఉద్యోగాలు రెండే అయితే 2(సి) గడికి రెండు ఫారాల్లోనూ టిక్ పెట్టాలి. ఒకదాంట్లో పెట్టి ఒకదాంట్లో వదిలేస్తే పని చెయ్యదు. అప్పుడు స్టాండర్డ్ డిడక్షన్‌నీ, శ్లాబుల్నీ చెరి సగం చేస్తారు. మన లెక్కలో మొదటి ఉద్యోగంలో 974, రెండోదాంట్లో 1,254 పట్టుకుంటారు. కూడితే సరిగ్గా 2,228. పిల్లల క్రెడిట్ మాత్రం ఒక్క ఫారంలోనే రాయాలి, జీతం ఎక్కువున్న చోట. రెండిట్లోనూ రాస్తే ఒకే బిడ్డకి రెండుసార్లు తీసుకున్నట్టు. జీతాల్లో తేడా మరీ ఎక్కువుంటే ఈ గడి వల్ల అవసరానికి మించి పట్టుకుంటారు. అప్పుడు ఫారం వెనకున్న వర్క్‌షీటు గానీ, ఐఆర్‌ఎస్ (ఇక్కడి పన్ను శాఖ) వెబ్‌సైటులో కోత లెక్కేసి చూపే విత్‌హోల్డింగ్ ఎస్టిమేటర్ గానీ వాడండి. ఎస్టిమేటర్ పేరు అడగదు, సోషల్ నంబరు అడగదు. పే స్టబ్బులు, పోయినేడాది రిటర్ను పక్కన పెట్టుకుంటే చాలు.

"రెండో ఉద్యోగం ఉందని మా హెచ్‌ఆర్‌కి తెలియడం నాకిష్టం లేదు" అనేవాళ్లుంటారు. మన కన్సల్టెన్సీల్లో హెచ్‌ఆర్‌కి తెలిస్తే ఊరందరికీ తెలిసినట్టే కదా. [నవ్వులు] అలాంటివాళ్లు 2(సి) వదిలేసి, నాలుగో స్టెప్పులో 4(సి) గడి వాడుకోవచ్చు. ప్రతి చెక్కులో అదనంగా ఇంత పట్టుకోండి అని రాసే చోటు అది. ఈ లెక్కకి 26 చెక్కులైతే 86 డాలర్లు. ఎందుకని ఎవరూ అడగరు.

నాలుగో స్టెప్పులో మిగతావి త్వరగా చెప్పేస్తాను. 4(ఎ) జీతం కాని ఆదాయానికి. ఇండియాలో ఫ్లాట్ అద్దె, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ ఇక్కడికొస్తాయి. ఎన్ఆర్ఈ అనే ప్రవాసుల ఖాతా వడ్డీకి ఇండియాలో పన్ను లేకపోవచ్చు, ఇక్కడి రెసిడెంటుకి ఉంది. 4(బి) స్టాండర్డ్ డిడక్షన్‌కి మించిన డిడక్షన్లకి. నర్సులు, గంటల లెక్కన పనిచేసేవాళ్లు ఉంటే, 2025 నుంచి 2028 దాకా ఓవర్‌టైమ్‌లో అదనంగా ఇచ్చే భాగానికి 12,500 వరకు డిడక్షన్ ఉంది, దాన్ని కూడా ఇక్కడ లెక్కలోకి తెచ్చుకోవచ్చు.

ఐటీలో ఉండి షేర్లు, బోనస్ వచ్చేవాళ్లకి ఒక హెచ్చరిక. వాటి మీద కంపెనీలు మామూలుగా 22 శాతమే పట్టుకుంటాయి, మీ డబ్ల్యూ-4 ఏం చెప్పినా. మీరు 24 శాతం శ్లాబులోనో 32 శాతంలోనో ఉంటే తేడా మీరే చూసుకోవాలి. ఆదాయం రెండు లక్షలు దాటిందా, ప్రతి వెయ్యికి 50 చొప్పున పిల్లల క్రెడిట్ కూడా తగ్గుతూ పోతుంది. షేర్లు చేతికొచ్చిన ఏడాది 4(సి)ని గుర్తుంచుకోండి.

తక్కువ పట్టించుకుంటే పెనాల్టీ పడుతుందా అని టెన్షన్ పడతారు. చివర్లో కట్టాల్సింది వెయ్యి డాలర్ల లోపైతే పెనాల్టీ లేదు. ఈ ఏడాది పన్నులో 90 శాతం గానీ, పోయినేడాది మొత్తం పన్నంత గానీ పట్టించుకుని ఉంటే కూడా లేదు. పోయినేడాది ఆదాయం లక్షా యాభై వేలు దాటినవాళ్లకి ఆ రెండోది 110 శాతం. ఇందులో జీతగాళ్లకి అనుకూలమైన విషయం ఒకటుంది. జీతంలోంచి పట్టుకున్న పన్ను ఏ నెలలో పట్టుకున్నా ఏడాది పొడుగునా సమానంగా కట్టినట్టే లెక్కేస్తారు. అక్టోబర్‌లో లెక్క చూసుకుని తక్కువైందని తెలిస్తే, మిగిలిన చెక్కుల్లో 4(సి) పెంచి సర్దేయచ్చు. సొంత వ్యాపారం చేసుకునేవాళ్లు మూడు నెలలకోసారి కట్టే పన్నుకి ఈ వెసులుబాటు లేదు. అలా పెంచినవాళ్లు జనవరిలో మళ్లీ కొత్త ఫారం ఇవ్వాలి. లేకపోతే ఆ కోత కొత్త ఏడాదిలోనూ నడుస్తూనే ఉంటుంది.

ఫారం ఏడాదికోసారే మార్చాలన్న నియమం లేదు, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఇచ్చాక 30 రోజులకి అటూ ఇటూగా పేరోల్‌లో అమలు చెయ్యాలి. విడాకులై, ఉమ్మడి గడి ఇక వర్తించనప్పుడు పది రోజుల్లో కొత్తది ఇవ్వాలి. ఆధారం లేకుండా అబద్ధం రాసి కోత తగ్గించుకుంటే 500 డాలర్ల జరిమానా ఉంది.

నా లెక్కలో మంచి డబ్ల్యూ-4 అంటే ఏప్రిల్‌లో మూడు, నాలుగు వందలు వెనక్కొచ్చేలా ఉన్నది. సున్నాకి సున్నా తెమ్మని పాఠాలు చెప్తుంటారు. సింగిల్ పేరెంటుకి నేనలా చెప్పను. కారు చెడిపోతేనో, పిల్లకి జ్వరమొచ్చి నాలుగు రోజులు జీతం పోతేనో పంచుకోవడానికి ఇంట్లో ఇంకో జీతం లేదు. దాని మీద ఐఆర్‌ఎస్ బిల్లు కూడా రాకూడదు. అలాగని నాలుగు వేలు అక్కడ పెట్టి ఇక్కడ ఇబ్బంది పడకూడదు.

(శ్రోతల్లోంచి: మరి న్యూజెర్సీ ట్యాక్స్‌కి? అక్కడ అలవెన్సులు అడిగారు నన్ను.)

అవునండీ, మంచి ప్రశ్న. అలవెన్సులు పోయింది ఫెడరల్ ఫారంలోనే. న్యూజెర్సీ ఫారం ఎన్‌జే-డబ్ల్యూ4లో ఇప్పటికీ ఆ గడి ఉంది. హడ్సన్ దాటి మన్‌హట్టన్‌లో పనిచేసేవాళ్లు ఐటీ-2104 నింపుతారు, అందులోనూ ఉన్నాయి. కాలిఫోర్నియా డీఈ-4, ఇల్లినాయిస్ ఫారం కూడా అంతే. టెక్సస్, ఫ్లోరిడాల్లో జీతం మీద స్టేట్ పన్నే లేదు కాబట్టి ఆ గొడవ లేదు. స్టేట్ ఫారం విడిగా నింపాలి, అందులో హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ గడి ఉంటే దానికీ టిక్ పెట్టాలి. అలవెన్సులు ఎన్నన్నది ఆ ఫారంతో ఇచ్చిన సూచనలు చూసి వెయ్యండి, వాట్సాప్‌లో చూసి కాదు.

(ఇంకొకరు: నేను 2016 నుంచి ఒకే కంపెనీలో ఉన్నాను. అప్పుడు సింగిల్, జీరో అని ఇచ్చాను. తర్వాత పెళ్లి, పాప, విడాకులు అన్నీ అయ్యాయి. ఫారం మాత్రం అదే. ఏమైనా చెయ్యాలా?)

చెయ్యాలండీ, ఇవాళే. పాత ఫారాలు చెల్లుతాయి, కొత్తది ఇవ్వమని కంపెనీ మిమ్మల్ని బలవంతం చెయ్యదు. అందుకే ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు. 2019 దాకా ఆ ఫారంలో హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ అనే గడే లేదు, ఉన్నవి సింగిల్, మ్యారీడ్ రేట్లే. మీ పేరోల్ ఇప్పటికీ ఆ సింగిల్, జీరో మీదే లెక్కేస్తోంది. మీ పన్ను మీరు అనుకుంటున్నదానికంటే చాలా తక్కువ అయ్యుండచ్చు. పాప మీ దగ్గరే ఉంటోందా? ఎన్నేళ్లు? ఆరు. అయితే మూడో గడి, 2,200. రిఫండ్ ఏటా వస్తోంది కదా? పోయిన మూడేళ్ల రిటర్నులు హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్‌గా వేశారో సింగిల్‌గా వేశారో ఇంటికెళ్లి చూడండి. సింగిల్‌గా వేసుంటే వాటిని కూడా సవరించుకోవచ్చు, మామూలుగా ఫైల్ చేసినప్పటి నుంచి మూడేళ్ల గడువుంది. ఫారాలు ఆ టేబుల్ మీద ఉన్నాయి. పే స్టబ్ తెచ్చుకున్నవాళ్లు ముందు రండి, తెచ్చుకోనివాళ్లు ఫోన్‌లో పేరోల్ యాప్ తెరిచి పెట్టుకోండి. మీరే మొదలు రండమ్మా, మీదే పెద్ద లెక్క.